పడినవానిని నిలువబెట్టు విద్య

(సంఘ వార్షిక మహాసభ, విద్యావిషయిక సమావేశమున చదువబడిన ఉపన్యాసము)

  

విద్యను గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యవర్గమువారు మమ్ము ఆదేశించిరి. మహాసభలయందు విద్యను గూర్చి చేయబడు ప్రసంగములు సాధారణముగా ఒక్క త్రోవనే నడచును. మన బిడ్డలు డాక్టర్లు కావలెను, ఇంజనీర్లు కావలెను, కలెక్టర్లు కావలెను అని వక్త చెప్పుట, సభ్యులు చప్పట్లు చరచుట, అంతట భోజనమునకు లేచుట. ఆ కోరిక తప్పని మేమనము. అయితే నేడు మేము మాటలాడ దలచినది ఆ మూడింటిలో దేనిని గూర్చియు కాదు. ప్రాణము దక్కిన పిమ్మట మనుష్యుని మరల కూర్చుండబెట్టి, నిలువబెట్టి, మాటలాడించి, తన పని తాను చేసికొనునట్లు చేయు విద్యలు కొన్ని కలవు. ఆంగ్లమున వానికి రిహాబిలిటేషన్ అని పేరు. మన ప్రభుత్వపు కాగితములలో పునరావాసమని వ్రాయుదురు. పునరావాసమనగానే కృష్ణ యొడ్డున నున్న మనవారికి శ్రీశైలము ప్రాజెక్టు నీటిలో మునిగిన యూళ్లు జ్ఞప్తికి వచ్చును. మేము చెప్పబోవునది ఆ పునరావాసము కాదు. మునిగిన యూరిని గూర్చి కాదు, మంచమున పడిన మనిషిని గూర్చి.

ఈ విద్యలతో మనకేమి పనియని మీరడుగవచ్చును. తక్కిన కులములకు పని యున్నను లేకున్నను, మన కులమునకు మాత్రము ఉన్నది. మోకు నడుమునకు చుట్టి, గీతకత్తులు కట్టుకొని, దినమునకు రెండు మూడు మారులు చెట్టెక్కి దిగువాడు మనవాడు. వానలలో మాను జారును. పాతబడిన మోకు తెగును. చేయి వేసిన మట్ట విరుగును. ఒక్కొక్కప్పుడు తేనెటీగలు లేచును. పడి మరణించినవాని పేరు మనకందరకును తెలియును. వాని కుటుంబమునకు రావలసిన సొమ్ము కొఱకు మన సంఘమువారు కార్యాలయముల చుట్టు తిరుగుదురు. పెద్దలు పదిమంది పోయి పరామర్శింతురు. 2024 జూలై మాసమున రాష్ట్ర ప్రభుత్వము అబ్దుల్లాపూర్‌మెట్టు మండలమునందలి లష్కర్‌గూడలో కాటమయ్య రక్షణ కవచమను పేర చెట్టెక్కువారికి భద్రతా సాధనములు పంచుట యారంభించినది. సంతోషము. అది మనుష్యుడు పడకుండుటకు చేసిన యేర్పాటు. మరణించినవాని కుటుంబమునకు సొమ్మునకై యేర్పాటు కలదు. ఈ రెండింటి నడుమ నున్నవాని సంగతి, అనగా పడియు బ్రదికినవాని సంగతి, ఎవరి లెక్కలోనిది?

ఆ బ్రదుకు ఎట్టిదో కొంచెము వివరముగా చెప్పుటకు అనుజ్ఞ వేడుచున్నాము. ఇది వినుటకు కష్టము. అయినను వినక తప్పదు.

చెట్టునుండి పడినవానికి తరచుగా దెబ్బ తగులునది వెన్నెముకకు. వెన్నుపూసల నడుమ గొట్టములో వలె వెన్నుపాము దిగుచుండును. పూస విరిగి అది నలిగెనా, అంతకు దిగువనున్న శరీరమునకును మెదడునకును సంబంధము తెగిపోవును. నడుము దగ్గఱ నలిగినచో కాళ్లు పోవును, మెడ దగ్గఱ నలిగినచో చేతులును పోవును. ఇక పడిన తావున జరుగునది చూడుడు. నలుగురు పరుగెత్తి వచ్చి, ఒకడు చంకలు పట్టి, ఒకడు కాళ్లు పట్టి, మనిషిని మధ్యకు మడచి యెత్తి ఆటోలో కూర్చుండబెట్టుదురు. ప్రేమతోనే చేయుదురు. కాని పడినప్పుడు సగము నలిగిన వెన్నుపాము ఈ యెత్తుటలో పూర్తిగా నలుగవచ్చును. పడినవానిని కదల్పక, 108 బండిని పిలిచి, తప్పనిసరియైనచో తల, మెడ, నడుము ఒక్క వరుసలో నుండునట్లు నలుగురు కలిసి దుంగను దొరలించినట్లు పలకమీదికి దొరలింపవలెను. ఈ సంగతి తెలియుటకు కళాశాల చదువక్కఱలేదు. తెలిసినవాడొకడు యూరికి వచ్చి ఒక్క పూట చూపిన చాలును.

తరువాత శస్త్రచికిత్స. 2007 ఏప్రిల్ 1వ తేదీన ఆరోగ్యశ్రీ పథకము మొట్టమొదట మూడు జిల్లాలలో ప్రయోగముగా ప్రారంభింపబడెను. వానిలో నొకటి మన పూర్వపు మహబూబ్‌నగరు జిల్లా యని మనము గర్వముతో చెప్పుకొనవచ్చును. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలు మూడును 2016 అక్టోబరు 11వ తేదీన ఆ జిల్లా నుండి విడివడినవే. ఇంటి పత్రము తాకట్టు పెట్టకయే పెద్ద చికిత్సలు పొందిన పేదవారు మనలో అనేకులు కలరు. అయితే చికిత్స ముగిసిన దినమున కథ ముగియదు. పెబ్బేరు దారిలో నొక గ్రామమున మేము చూచిన ఒక సోదరుని వైద్యపత్రములో కడపటి పంక్తి యొక్కటే: ఫిజియోథెరపీ చేయింపవలెను. ఎక్కడ చేయింపవలెనో, ఎవరిచేత చేయింపవలెనో, ఎన్ని మాసములో, ఆ పంక్తిలో లేదు. అతని భార్య ఆ కాగితమును బియ్యపు డబ్బాలో భద్రపఱచి యుంచినది. మేము వెళ్లునప్పటికి అతడు పడి పదునొకండు మాసములైనది. వీపు క్రింది భాగమున పిడికిలి పట్టునంత పుండు.

ఆ పుండు సంగతి చెప్పవలెను. ఎందుకనగా వెన్నుపాము తెగినవానిని తరచుగా చంపునది చెట్టు కాదు, ఆ పుండు. మనము ఆరోగ్యవంతులము నిద్రలో సైతము తెలియకయే పదిమారులు ప్రక్కకు తిరుగుచుందుము. స్పర్శ లేనివానికి నొప్పి తెలియదు, నొప్పి తెలియనివాడు కదలడు. కదలనిచోట ఎముకకును పరుపునకును నడుమ చర్మము నలిగి, రక్తము పారక, చచ్చి యూడును. రెండు గంటల కొకమారు ప్రక్కకు తిప్పవలెను. కూర్చుండనేర్చిన పిమ్మట, పావుగంట కొకమారు చేతులమీద బరువు మోపి తన శరీరమును తానే యెత్తుకొనవలెను. మూత్రము తెలియదు గనుక వేళ ప్రకారము శుభ్రమైన గొట్టముతో తీసికొనుట నేర్వవలెను, లేనిచో మూత్రపిండములు చెడును. కీళ్లను దినదినము ఆడింపనిచో కాళ్లు ముడుచుకొని బిగిసికొనును. ఇందులో ఖరీదైన మందు ఒక్కటియు లేదు. కావలసినదెల్ల నేర్పువాడు, కొన్ని మాసములపాటు విడువక నేర్పువాడు.

ఒకప్పుడు ఐరోపాలోను ఇదే గతి. మొదటి ప్రపంచ యుద్ధమున వెన్ను విరిగిన సైనికులలో చాలామంది పుండ్లచేతను మూత్రరోగములచేతను కొలదికాలములోనే మరణించిరి. వారి విషయమున వైద్యులకే ఆశ లేకుండెను. 1944 ఫిబ్రవరిలో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ అను చోట లుడ్విగ్ గుట్మన్ అను వైద్యుడు, తాను జర్మనీ నుండి శరణార్థియై వచ్చినవాడు, ఇట్టివారికై ప్రత్యేక చికిత్సాలయము తెఱచెను. రాత్రింబవళ్లు రోగులను తిప్పించుట, లేవదీసి కూర్చుండబెట్టుట, పని నేర్పుట, ఆటలాడించుట, ఇవియే ఆయన మందులు. 1948లో చక్రాల కుర్చీలలో కూర్చున్న 16 మంది చేత విలువిద్యా పోటీ పెట్టించెను. నేటి పారాలింపిక్ క్రీడలకు మూలమదియే. ఆ క్రీడలలోనే 2024లో పారిస్ నగరమున ఓరుగల్లు సీమలోని కల్లెడ గ్రామపు బాలిక జీవాంజి దీప్తి పరుగుపందెమున కంచు పతకము గెలిచినది. ఆమె వైకల్యము వేఱు, బుద్ధి వికాసమునకు సంబంధించినది. అయినను గుట్మన్ తెఱచిన తలుపునుండియే ఆమెయు లోపలికి పోయినది.

దూరదేశముల మాట యెందుకు? వనపర్తి సంస్థానపు కోడలు రాణీ కుముదినీదేవి గారిని ఎఱుగనివారు ఈ సభలో నుండరు. 1962లో హైదరాబాదు నగరమునకు మేయరైన మొదటి స్త్రీ యామె. అంతకు నాలుగేండ్ల ముందే, 1958లో, కూకట్‌పల్లిలో కుష్ఠురోగుల కొఱకు శివానంద పునరావాస గృహమును స్థాపించిరి. ఆ పేరును గమనింపుడు. ఆసుపత్రి యనలేదు, అనాథాశ్రమమనలేదు. కుష్ఠురోగము మందుతో కుదురును. కాని అది చంపిపోయిన నరములు తిరిగి రావు. వంగిపోయిన వ్రేళ్లు వంగియే యుండును, స్పర్శ లేని పాదమునకు ముల్లు గ్రుచ్చుకొన్నను తెలియదు. వెల్లూరులో పాల్ బ్రాండ్ అను శస్త్రవైద్యుడు 1940వ దశకపు చివర, పనిచేయుచున్న కండర బంధనమును తెచ్చి పనిచేయని వ్రేలికి కలిపి కుట్టు విధమును ఆ చేతులపై ప్రయోగించెను. కుట్టుట వైద్యుని పని. కాని నిన్నటివఱకు వేఱొక పని చేసిన కండకు ఇకమీదట వ్రేలు చాపుటయే నీ పని యని నేర్పునది ఎవరు? అది వారములకొలది దినమునకు పలుమారులు రోగిచేత చేయించి నేర్పవలసిన పాఠము. నేర్పువాడు లేనిచో శస్త్రము వ్యర్థము. ఆ వెల్లూరులోనే మేరీ వర్గీస్ అను వైద్యురాలు 1954లో మోటారు ప్రమాదమున తన కాళ్లు పోగొట్టుకొని, చక్రాల కుర్చీలో కూర్చుండియే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసి, తరువాత ఈ పునరావాస వైద్యమునే అభ్యసించి వచ్చి, 1966లో అందుకై ప్రత్యేక సంస్థను తెఱపించెను.

మన దాతలును ఇందులో వెనుకబడినవారు కారు. ఇరువదవ శతాబ్దపు మొదటి దశకములలో డిచ్‌పల్లి యందు ఇసబెల్ కెర్ అను స్కాట్లండు వైద్యురాలు కుష్ఠు వైద్యాలయమును నెలకొల్పినప్పుడు ధనసహాయము చేసినవారు నిజామాబాదు రాజా నర్సాగౌడు గారు. పరమతస్థురాలి చేతికి, ఊరు వెలివేసిన రోగుల నిమిత్తమై, ఆ దినములలో మనవారొకరు సొమ్మిచ్చిరి. పోషకులీ మాటను మనసున నుంచుకొందురుగాక. మేము తరువాత అడుగబోవునది దానికంటె చాల చిన్నది.

ఇక ఈ విద్యలేవి? అన్నిటికంటె మనవారి చెవిని బడినది ఫిజియోథెరపీ. దీనిని మాలిషు పనియని తీసిపారవేయువారున్నారు. నాలుగు సంవత్సరములు శరీరనిర్మాణము, నరములు, కండలు, గుండె, ఊపిరితిత్తులు, వ్యాధులు చదివి, ఆపై ఆసుపత్రిలో శిక్షణ పొందినగాని పట్టము రాని విద్య అది. పక్షవాతము వచ్చినవానిని నడిపించుటయు, పుట్టినప్పుడు ఊపిరాడక మెదడు దెబ్బతిన్న శిశువునకు మెడ నిలుపుటయు, శస్త్రచికిత్స యైనవానిచేత దగ్గించి కఫము వెడలించుటయు వీరి పనులే. పుత్తూరు కట్టును మేము నిందింపము. ఎముకను పొందుపఱచుటలో తరతరముల నేర్పు ఆ కుటుంబములది. కాని కట్టు విప్పిన పిమ్మట బిగిసిన మోచేయి తనంతట తాను వంగదు. కట్టు కట్టినవారి పని ముగిసినచోట వీరి పని మొదలగును.

ఆక్యుపేషనల్ థెరపీ యని మఱియొకటి కలదు. మాకు మిక్కిలి యిష్టమైనది ఇదియే గనుక ఇంచుక నిలిచి చెప్పుదుము. ఇందలి ఆక్యుపేషన్ అను మాటకు ఉద్యోగమని యర్థము కాదు. స్నానము, భోజనము, బట్ట కట్టుకొనుట, బిడ్డ నెత్తుకొనుట, అంగడికి పోవుట, ఇట్లు మనుష్యుని దినమును నింపు పనులన్నియు ఇందులోనివే. పెబ్బేరు దారిలోని సోదరుని యింటికి ఈ విద్య నేర్చినవారు వచ్చిరనుకొనుడు. వారు మొదట చూచునది అతని కాళ్లను కాదు, గడపను. చక్రాల కుర్చీ దాటుటకు గడప యెత్తెంత? మంచము ఎత్తును కుర్చీ యెత్తును సమముగా నున్నచో, నడుమ నున్నని పలక నొకటి వేసి, ఎవరి సహాయము లేకయే జారి కూర్చుండవచ్చును. మరుగుదొడ్డి తలుపు బయటికి తెఱచుకొనవలెనుగాని లోపలికి కాదు. చెట్టెక్కుట పోయినను లెక్క తెలిసినవాడు, బేరము తెలిసినవాడు, పదియూళ్లలో పరిచయము గలవాడు. వాకిట అంగడి పెట్టినచో సరుకుల బల్ల యెంత యెత్తుననుండవలెను? ఇట్టి ప్రశ్నలతో ఒక సంసారము నిలుచును. గద్వాల చీరలు నేయు సాలె సోదరులకును ఈ విద్య అవసరమే. గుంటమగ్గమున కాళ్లు దింపి, ముందుకు వంగి, పొద్దస్తమానము పనిచేయువాని మెడ, నడుము, మోకాళ్లు నలువదియేండ్లకే నొచ్చును. కూర్చుండు పీట యెత్తు మార్చిన తగ్గునో, వెలుతురు పడుదిక్కు మార్చిన తగ్గునో చూచి చెప్పగలవారు వీరు.

కృత్రిమావయవములు చేయు విద్య ప్రాస్థెటిక్స్, ఊతనిచ్చు కాలిపర్లవంటివి చేయునది ఆర్థోటిక్స్. రెండును కలిపి ఒకే పట్టముగా చదువుదురు. మయూరి చలనచిత్రము చూచిన పెద్దలకు సుధాచంద్రన్ జ్ఞప్తి నుండును. ఆమె ధరించి నాట్యమాడినది జయపూరు కాలు. దానిని 1968 ప్రాంతమున రూపొందించినవారు డాక్టరు ప్రమోద్ కరణ్ సేఠీ, రామచంద్ర శర్మ యను శిల్పి. విదేశపు కాలికి బూటు తప్పదు. ఇది తొడిగినవాడు వట్టి కాలితో పొలము గట్టున నడచును, గొంతుక కూర్చుండును, బురదలో దిగును. వైద్యుని శాస్త్రమును, పనివాని చేయియు కలిసినగాని అది పుట్టియుండదు. కత్తి పదును, మోకు పేట, చేతి కొలత తెలిసిన మన యిండ్ల బిడ్డలకు ఇట్టి విద్య కష్టము కాదని మా నమ్మకము.

వినికిడి, వాక్కులకు సంబంధించిన ఆడియాలజీ విద్యను గూర్చి ఒక్క మాట. చెవిటివాడై పుట్టిన శిశువునకు చెవిలో యంత్రము నమర్చు కాక్లియర్ శస్త్రచికిత్స ఆరోగ్యశ్రీలో కలదు. యంత్రము శబ్దమును మాత్రమే వినిపించును. ఆ శబ్దము అమ్మ అను మాట యని బిడ్డకు తెలియుటకు మాసములకొలది శిక్షణ కావలెను. వారమునకు రెండుమారులు లింగాల నుండియో గట్టు నుండియో బిడ్డను చంకనెత్తుకొని హైదరాబాదు పోయి రాగల కూలితల్లి యెవరు? ఒక వారము మానును, తరువాత నెల మానును, తుదకు యంత్రము పెట్టెలో చేరును.

బుద్ధిమాంద్యము గల పిల్లలకు, అంధులకు, బధిరులకు చదువు చెప్పు ప్రత్యేక విద్యయు పునరావాస విద్యలలోనిదే. మండలములలోని భవిత కేంద్రములను మీరు చూచియుందురు. ఇందులో కొలువులు లేవనువారికి లెక్క చూపెదము. 2021 అక్టోబరు 28వ తేదీన సుప్రీముకోర్టు, ప్రాథమిక తరగతులలో ఇట్టి పిల్లలు 10 మందికి ఒకరు, పై తరగతులలో 15 మందికి ఒకరు చొప్పున ప్రత్యేకోపాధ్యాయులుండవలెనని తీర్పు చెప్పెను. 2024లో మన రాష్ట్రమున ప్రకటింపబడిన డి.యస్.సి. 11,062 కొలువులలో 220 స్కూలు అసిస్టెంటు కొలువులును, 796 సెకండరీ గ్రేడు కొలువులును ప్రత్యేక విద్య చదివినవారికి ఉద్దేశింపబడినవి. మన బిడ్డలలో ఆ చదువు చదివినవారెందఱని మేము మూడు జిల్లాల ప్రతినిధుల నడిగితిమి. చేతి వ్రేళ్లు మిగిలిపోయినవి.

చదువుటకు దూరదేశములు పోనక్కఱలేదు. పంజాగుట్టలోని నిజామ్స్ వైద్యవిజ్ఞాన సంస్థ 1964లో ఎముకల ఆసుపత్రిగానే పుట్టినది. అందు ఫిజియోథెరపీ పట్టము కలదు. వరంగల్లున 2014లో వెలసిన కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయము క్రింద ఫిజియోథెరపీ కళాశాలలు కలవు. సికింద్రాబాదు మనోవికాసనగరమున 1984లో నెలకొల్పబడిన జాతీయ సంస్థ, పూర్వము ఎన్.ఐ.ఎం.హెచ్. అనియు ఇప్పుడు ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. అనియు పేరు గలది, బుద్ధిమాంద్యమునకు సంబంధించిన ప్రత్యేక విద్యకును మనశ్శాస్త్రమునకును దేశములో పెద్ద పీట. ఆ యావరణముననే వాక్కు, వినికిడి విద్యకై అలీయావర్ జంగ్ జాతీయ సంస్థ శాఖ కలదు. మైసూరులో 1965లో స్థాపింపబడిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థకు దేశమెల్ల పేరు. ఆక్యుపేషనల్ థెరపీకి, కృత్రిమావయవ విద్యకు కటకము దగ్గఱి ఓలట్‌పూరు, కలకత్తా, మద్రాసు దగ్గఱి ముట్టుకాడులలోని కేంద్రప్రభుత్వ సంస్థలు ముఖ్యమైనవి. ఇంటర్మీడియేటులో జీవశాస్త్రము చదివినవారికి వీనిలో చాల వానికి ప్రవేశార్హత కలదు. ప్రవేశ నియమములు ఏటేట మారుచుండును గనుక ఆయా సంవత్సరపు ప్రకటన చూడకుండ ఎవరి మాటయు నమ్మవలదు.

నమ్మవలదనుటకు మఱియొక కారణము కలదు. రెండు గదుల మేడమీద బల్ల కట్టి కళాశాల యని పిలుచువారు ఈ విద్యల చుట్టును మూగిరి. తండ్రులు రెండు సంగతులు విచారింపవలెను. ప్రత్యేక విద్య, వాక్కు వినికిడి విద్య, కృత్రిమావయవ విద్య మొదలగువాని కోర్సులకు 1992 నాటి చట్టము ననుసరించి యేర్పడిన భారత పునరావాస మండలి అనుమతి యున్నదా? చదివినవాని పేరు ఆ మండలి పట్టికలో నెక్కునా? ఆ పట్టికలో పేరు లేక వికలాంగులకు ఈ సేవలు చేయువానికి ఏడాదివఱకు చెఱసాలయో, జరిమానాయో, రెండునో విధింపవచ్చునని ఆ చట్టమే చెప్పుచున్నది. ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీలు మాత్రము ఆ మండలి క్రిందివి కావు. వానికి 2021 నాటి వేఱొక చట్టము, వేఱొక జాతీయ సంఘము. ఈ భేదము తెలియక సొమ్ము పోగొట్టుకొన్నవారిని మేమెఱుగుదుము.

జీతము మాట దాచుట ధర్మము కాదు. ప్రైవేటు ఆసుపత్రులలో క్రొత్తగా చేరిన ఫిజియోథెరపిస్టునకు ఇచ్చు జీతము అల్పము. సాఫ్ట్‌వేరు చదివిన పొరుగింటి పిల్లవానితో పోల్చి తల్లిదండ్రులు చిన్నబోవుట సహజము. అయిదారేండ్లు ఓపికపట్టి చేయి తిరిగినవారికి, స్వంతముగా కేంద్రము పెట్టుకొన్నవారికి, పై పట్టము చదివినవారికి స్థితి మెఱుగుపడును. అప్పటివఱకు ఇంటి యండ కావలెను. ఆ యండ లేని పేదబిడ్డ ఈ చదువునకు వచ్చుట యెట్లు? సంఘము కలుగజేసికొనవలసినచోటు ఇదియేయని మా యభిప్రాయము. డాక్టరు సీటు వచ్చినవానికి అప్పిచ్చువారు పదిమంది దొరకుదురు. సంఘము సహాయము అతనికంటె వీనికి ఎక్కువ అవసరము.

ఆడుబిడ్డల విషయమున ఒక యాక్షేపణ వినబడుచున్నది. పరపురుషుని కాలుసేతులు పట్టి చేయు పనికి మా బిడ్డను పంపుట యెట్లని. నర్సు చదువునకును పూర్వమీ యాక్షేపణయే యుండెను. ఇప్పుడు ఎవరును అనరు. పైగా పక్షవాతము వచ్చిన మన తల్లులు, అక్కలు మగవాడు చేయి పట్టిన నొల్లక చికిత్సయే మానుకొనుచున్నారు. ఆ సంగతి ఆక్షేపించువారు ఆలోచింపవలెను.

కాలము అనుకూలముగా నున్నది. 2022 నవంబరులో వనపర్తికిని నాగర్‌కర్నూలునకును, 2024లో గద్వాలకును ప్రభుత్వ వైద్యకళాశాలలు వచ్చినవి. వైద్యకళాశాల వచ్చినచోట ఆసుపత్రి పెరుగును, ఎముకల వైద్యుడు వచ్చును, శస్త్రములు జరుగును. ఇదివఱకు కర్నూలునకో రాయచూరునకో హైదరాబాదునకో పోయిన మన పాలమూరు కూలి, బొంబాయి మేడమీదినుండి పడి యూరు చేరినవాడు, ఇక మన యిండ్ల దగ్గఱనే చికిత్స పొందును. శస్త్రములు పెరిగినకొలది ఆ కడపటి పంక్తి వ్రాయబడిన కాగితములును పెరుగును. వానిని చేతబట్టుకొని యిల్లు చేరువారికి చేయి యందించువారు మన జిల్లాలవారు, మన మాట మాటలాడువారు అయినచో ఎంత మేలు! వెన్ను విరిగినవానికి వ్యాయామము చెప్పుటకు వచ్చినవానికి మోకు అనగా నేమో, ముస్తాదు అనగా నేమో తెలిసియుండుట చిన్న సంగతి కాదు.

కావున మేము సభవారి యెదుట ఉంచునది ఇది. సంఘ విద్యానిధి నుండి ఏటేట జిల్లా కొకరు చొప్పున ముగ్గురు విద్యార్థులకు, వారిలో ఒకరైనను బాలిక యగునట్లు, ఈ పునరావాస విద్యలలో దేనికైనను చదువు ముగియువఱకు ఫీజును, వసతిని భరింపవలెను. పట్టము పొందిన పిమ్మట వారు రెండేండ్లపాటు తమ జిల్లాలోనే యుండి, వారమున కొక దినము చెట్టునుండి పడి మంచమున నున్నవారి యిండ్లకు ఉచితముగా పోవలెను. అట్టివారి పట్టికను గ్రామశాఖలు ఈ సంవత్సరముననే సిద్ధము చేయవలెను. మృతుల పట్టిక మనయొద్ద కలదు గాని వీరి పట్టిక లేదు. మఱియు కాటమయ్య పండుగకు ఊరందఱు కూడినప్పుడు, పడినవానిని మడవక పలకమీదికి దొరలించు విధమును ఒక గంటసేపు చేసి చూపించునట్లు ప్రతి శాఖయు ఏర్పాటు చేయవలెను. దీనికి ఖర్చు ఒక పలక మాత్రమే.

తీర్మానపు ప్రతిని కార్యదర్శిగారికి అందజేసితిమి. మధ్యాహ్నపు సమావేశమున చర్చకు రాగలదు. నాగర్‌కర్నూలు విద్యార్థి మొదటి సంవత్సరపు వ్యయమును తాము వహింతుమని ఒక పోషకులు ఉదయముననే మాటయిచ్చిరి. తమ పేరు చెప్పవలదనిరి గనుక చెప్పము. గద్వాల, వనపర్తి పేర్ల యెదుట స్థలము ఖాళీగా నున్నది. ఆ కాగితము ద్వారమునొద్ద బల్లమీద నుంచబడినది.